మహావేది నేర్పిన నేల లెక్క

స్వామివారి పూలతోట కోసం మా ఊరి ఆలయం కొంత నేల కొనదలచినప్పుడు దానిని కొలిచే పని నాకు అప్పగించారు. పడమటి హద్దు 50 గజాలు, తూర్పు హద్దు 30 గజాలు; ఆ రెండూ సమాంతరాలు. మిగిలిన రెండు గట్లు ఓరగా సాగి ఒక్కొక్కటి 26 గజాలున్నాయి. 50, 30ల సగటైన 40ని 26తో హెచ్చవేసి, 1040 చదరపు గజాలని వ్రాసి ఇచ్చాను. గజానికింత చొప్పున భక్తులు విరాళాలు కూడా సమర్పించారు.

ఆ పిమ్మట ఆపస్తంబ శుల్బసూత్రం చదువుతూ మహావేది ప్రకరణం వద్ద ఆగిపోయాను. సోమయాగానికి నిర్మించే ఈ వేదిక సమలంబ చతుర్భుజమే. పడమట 30 పదాలు, తూర్పున 24, నడుమ తూర్పుపడమరలుగా 36. తూర్పు మూలలను అంసాలనీ, పడమటి మూలలను శ్రోణులనీ అంటారు. అనగా భుజాలు, పిరుదులు. వేదిని పడుకున్న దేహంగా భావించారన్నమాట! దక్షిణపు అంసం నుండి పడమటి హద్దుకు లంబంగా గీత గీస్తే, దానికి వెలుపల 3 పదాల భూమి గల సన్నని త్రిభుజం విడివడుతుంది. దానిని కోసి, తలక్రిందులు చేసి ఉత్తరపు ప్రక్కన చేర్చమన్నాడు ఆపస్తంబుడు. అప్పుడు వేది 27 పదాల వెడల్పు, 36 పదాల పొడవు గల దీర్ఘచతురస్రమవుతుంది. వైశాల్యం 972. సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని లంబంతో గుణించాలన్న నియమం ఆర్యభటీయంలోనూ ఉన్నది. అది ఎందుకు నిజమో ఈ కోత కంటికి చూపుతుంది.

నా తప్పు అక్కడే బయటపడింది. నేను లంబాన్ని విడిచి ఓర గట్టుతో గుణించాను. మా తోటలో అదే కోత కోస్తే విడివడే త్రిభుజానికి భూమి 10, కర్ణం 26. కనుక లంబం 24. (మహావేదిని గీయడానికి ఆపస్తంబుడు చెప్పిన 15, 36, 39 త్రాటి కొలతలకు ఇది తోబుట్టువు.) అసలు వైశాల్యం 960 మాత్రమే. 80 గజాలు, ఒకటిన్నర సెంటుకు పైగా, లేని నేలకు భక్తుల సొమ్ము లెక్కగట్టాను.

ప్రవరలో ఆపస్తంబ సూత్రమని చెప్పుకునేవాడిని, ఆ సూత్రం తెరిచి చూడనందుకు సిగ్గుపడ్డాను. రిజిస్ట్రేషనుకు ముందే పెద్దల ఎదుట తప్పు ఒప్పుకొని, త్రాడు లంబంగా పట్టి మళ్లీ కొలిచాను. అమ్మే రైతు 960కే ఒప్పుకున్నాడు. మిగిలిన సొమ్ము దాతలకు తిరిగి ఇవ్వబోతే, పలువురు దానిని మల్లె అంట్లకే ఉంచమన్నారు.