నాలుగు ఆకారాలతో ఇంటి వస్తువుల బొమ్మలు



మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా రోలు, చుట్టిల్లు వంటి మాటలు వారిలో చాలామందికి తెలియవు. ఆ మాటకు వేరే భాషలో అర్థము చెప్పేకంటె, నల్లబల్లపై బొమ్మ గీసి చూపండి. మాట తెలుగులోనే మనసులో నిలుస్తుంది.

"మాకు బొమ్మలు రావండీ" అనవద్దు. నాలుగు ఆకారాలు వస్తే చాలు: గోళము (బంతి), స్థూపము (గొట్టము), శంకువు (శనగల పొట్లము), దీర్ఘఘనము (ఇటుక). ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ కూడా 1904లో తోటి చిత్రకారుడు ఎమీల్ బెర్నార్‌కు రాసిన ఉత్తరములో స్థూపము, గోళము, శంకువులనే ఆధారముగా తీసుకొమ్మన్నాడు.

చెంబు: నిలువుగా మధ్యగీత సన్నగా గీయండి. దానిపై గుండ్రని వృత్తము, పైన మెడకు పొట్టి గొట్టము, ఆపైన వెడల్పైన అంచు. గీతకు రెండు వైపులా సమానముగా ఉన్నదో లేదో చూసి, అక్కరలేని గీతలు తుడిచివేయండి.

బకెట్టు: శంకువును తలక్రిందులు చేసి కొన కోసివేయండి.

గుండ్రని రోలు: పొట్టి, లావు స్థూపము. పైభాగములో గుంటకు మరొక చిన్న చుట్టు.

చుట్టిల్లు: స్థూపముపై శంకువు నిలపండి. ఉత్తర కోస్తా పల్లెల్లోని గుండ్రని పూరిల్లు ఇదే.

ట్రంకుపెట్టె: దీర్ఘఘనమే. మూత గీత, గొళ్లెము చేర్చండి.

అందరూ తడబడేది పాత్ర మూతి దగ్గర. ఒక గ్లాసును కంటికి సమానమైన ఎత్తులో పట్టుకోండి. మూతి అడ్డగీతలా కనిపిస్తుంది. మెల్లగా క్రిందికి దించండి, గీత విచ్చుకొని కోలగా మారుతుంది. నేరుగా పైనుండి చూస్తే పూర్తి వృత్తము. కాబట్టి బల్లమీది గ్లాసుకు మూతి కోలగా గీయాలి. అడుగు కంటికి ఇంకా దిగువన ఉంటుంది గనుక దాని వంపు మూతి వంపుకంటె కాస్త ఎక్కువగా ఉండాలి. అడుగును తిన్నని గీతగా గీస్తే గ్లాసు కాగితము కత్తిరించి అతికించినట్లుంటుంది.

అభ్యాసము: ఈ వారము పిల్లలచేత ఇంటిలోని మూడు పాత వస్తువులు గీయించండి. వాటి పేర్లు అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి తెలుసుకొని, బొమ్మ క్రింద తెలుగు అక్షరాలతో రాయమనండి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని చేయించడము మంచిది.