ముందు బియ్యం ఇవ్వండి, నాయనా

ఒంగోలు

ప్రియమైన చిన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వరద తీసినా కాలవగట్టు మీది గుడిసెల్లో ఇంకా పొయ్యి వెలగడం లేదని రాశావు. మీ యవ్వనస్థుల కూటం తరఫున బియ్యం, దుప్పట్లు పంచుదామనుకుంటే చేతిలో ఉన్న డబ్బు సగం ఇళ్ళకైనా వచ్చేట్టు లేదన్నావు. ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్ళకే టోకెన్లు ఇస్తే లెక్క సరిపోతుంది, మందిరమూ నిండుతుంది అని కొందరు పెద్దలు అంటున్నారట. పూర్ణహృదయంతో దేవుణ్ణి నమ్మమని సామెతల గ్రంథం చెప్తుంది కదా, ఇలాంటి చోట నమ్మడమంటే ఏం చెయ్యాలి అని అడిగావు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. టోకెన్లు వద్దు. ఉన్న డబ్బుతో బియ్యం కొనండి. పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న గుడిసెతో మొదలుపెట్టండి. ఎవరే దేవుడికి మొక్కుతారో అడగకండి. ఇలా ఎందుకంటున్నానో మన ఒంగోలు సంగతితోనే చెప్తాను. నీకు చిన్నప్పటినుంచీ తెలిసిన కథే, అయితే నువ్వు విన్నది చివరి భాగం.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. నీళ్ళలోకి దిగి ఆ బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులేనని కూడా చెప్పుకుంటాం. అంతకుముందు ఏడాదికి పైగా ఇక్కడి అమెరికా మిషనరీ క్లౌ దొర ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వనివ్వలేదన్న సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. నాకు ఆ జూలై రోజు కంటే ఆ ఏడాదే పెద్దదిగా కనిపిస్తుంది.

అది ధాత కరువు. 1876లో వానలు లేవు, మరుసటి ఏడూ అంతే. మద్రాసు రాజధానిలో జిల్లాలకు జిల్లాలు ఎండిపోయాయి. మాదిగపల్లెల్లో కూలి లేదు, గింజ లేదు, ఉన్న గొడ్లు చచ్చిపోయాయి. అప్పుడు ప్రభుత్వం కరువు పనికింద బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. జాన్ క్లౌ అమెరికాలో కుర్రతనంలో సర్వే పని చేసినవాడు, కొలతలూ మట్టి లెక్కలూ తెలిసినవాడు. ఆయన వెళ్ళి మూడు మైళ్ళకు పైగా కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది వచ్చి ఆ గట్టున పాకలు వేసుకున్నారు. మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టాడు. కూలివాళ్ళు కాసేపు పార దించి కూర్చున్నప్పుడు ఆ బోధకులే వాళ్ళ పక్కన కూర్చుని, ప్రయాసపడేవాళ్ళను ప్రభువు పిలిచిన పిలుపు గురించి మాట్లాడేవాళ్ళు. నమ్మకం ఉన్న మనిషి చేసిన పని ఇది, చూడు. ప్రార్థన మానలేదు, కొలబద్దా కింద పెట్టలేదు. స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దంటే తనకు దేవుడిచ్చిన చదువును అటక మీద పెట్టాలని ఆయన అనుకోలేదు.

అలా పని చేస్తుండగానే జనం బాప్తిస్మం అడిగారు. ఊళ్ళకు ఊళ్ళే అడిగాయి. ఆయన వద్దన్నాడు. కూలి డబ్బులు తన చేతిమీదుగా పోతున్నన్నాళ్ళూ, కరువు సాయం తన దగ్గర ఉన్నన్నాళ్ళూ ఎవరినీ సంఘంలో చేర్చుకోనన్నాడు. ఆకలి తీరడానికి వచ్చారో ప్రభువు కోసం వచ్చారో వాళ్ళకే తెలియని సమయం అది. ఒక మిషనరీకి అది ఎంత కష్టమో ఆలోచించు. పంపిన సంఘాలు సముద్రానికి అవతల లెక్కల కోసం ఎదురుచూస్తాయి. పుస్తకంలో పేర్లు రాసుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యనక్కర్లేదు. అయినా రాసుకోలేదు. ఈ మనుషులు నిజంగా దేవుడివాళ్ళయితే బియ్యం అయిపోయాక కూడా దేవుడివాళ్ళే అని ఆయన నమ్మాడు. పూర్ణహృదయంతో నమ్మడమంటే నేను చూపించగలిగినది ఇదే.

1878 నడిమికి సాయం ముగిసింది. గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర జనం గుమికూడారు. నా దగ్గర ఇంక పంచడానికేమీ లేదని ఆయన చెప్పాడు. మాకు సాయం అక్కర్లేదు, చేతుల బొబ్బలు చూడండి, పనిచేసే బతుకుతాం, వచ్చే పంట పోతే చచ్చిపోతాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అని వాళ్ళన్నట్టు ఆయన రాసుకున్నాడు. ఆ తర్వాతే ఆ 2,222. టోకెన్లు పంచివుంటే వాళ్ళకు ఆ మాట అనే అవకాశమే ఉండేది కాదు. మీరు సాయం చేసే మనుషుల దగ్గరనుంచి ఆ గౌరవం తీసెయ్యకండి, నాయనా.

డబ్బు చాలదన్నావు. మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి గుర్తుచేస్తాను. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ కొండెక్కినవాళ్ళు అయిదుగురు: నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. వాళ్ళలో జూలియా అనే స్త్రీ ఒకరు. నెల్లూరు మిషన్ను మూసేద్దామా అని అమెరికాలో మాట్లాడుకుంటున్న రోజులు అవి. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వాళ్ళు అడిగారు. క్లౌ దంపతులు ఇక్కడికొచ్చి కాపురం పెట్టింది 1866లో. మొదటి సంఘం 1867లో ఎనిమిది మందితో. అడిగినవాళ్ళు ఈ పన్నెండేళ్ళూ కొండమీదే కూర్చోలేదు, దిగివచ్చి రోజువారీ పని చేశారు.

ఇంకోటి. క్లౌ దొర వచ్చిన కొత్తలో పై కులాలవాళ్ళు తమ పిల్లల్ని ఆయన బడికి పంపారు. తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు రారన్నారు. ఆ రోజు ఆయనా, భార్య హ్యారియెట్టూ ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం వచ్చిందంటారు. బైబిలు తెరవగానే జవాబు దొరకాలని నువ్వు ఎదురుచూడకు. మర్నాడు ఆయన ఏం చేశాడో చూడు. పేదవాళ్ళ పక్కనే నిలబడ్డాడు, పిల్లలు వెళ్ళిపోయారు. నీక్కూడా ఇలాంటి ఖర్చు పడవచ్చు. టోకెన్లు వద్దంటే చందా ఇచ్చేవాళ్ళు ఒకరిద్దరు వెనక్కి తగ్గుతారు. తగ్గనీ. పెద్దలతో వాదానికి దిగకు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం వాళ్ళ ముందే చదివించు. బట్టా తిండీ లేనివాడికి మంచిమాట చెప్పి పంపేసే విశ్వాసాన్ని యాకోబు ఏమన్నాడో వాళ్ళే వింటారు.

కొన్ని చిల్లర సంగతులు కూడా రాస్తాను, వీటిలోనే మంచి పనులు చెడిపోతాయి. దుప్పట్లు తర్వాత, బియ్యమూ పప్పూ నూనే ముందు. గుడిసె గుడిసెకూ వెళ్ళి ఇవ్వండి, వరసలో నిలబెట్టకండి. ఇచ్చేటప్పుడు ఫొటోలు తియ్యకండి. పైసా పైసాకూ లెక్క రాసి మందిరం గోడకు అంటించండి. అప్పు చేసి పంచవద్దు, ఉన్నది పంచడమే మీ వంతు. ఎవరైనా ప్రార్థన చెయ్యమని అడిగితే చెయ్యండి, అడగకపోతే నమస్కారం పెట్టి పక్క గుడిసెకు వెళ్ళండి. రోజూ పని మొదలుపెట్టేముందు అందరూ మోకరించండి, కాసేపైనా చాలు.

నా పెన్షన్‌లోంచి కొంత మీ నాన్న ఖాతాకు వేశాను. శనివారంలోగా మొదటి బస్తా కొని గట్టుకు చేర్చు. నా పేర కూడా రసీదు రాయి.

మీ అత్తయ్య