కారు ముందు బ్రేకులు పట్టుకొనుట: కారణ పరిశోధన

కారు నడచుటకు ఇంజను ఎంత అవసరమో, ఆగుటకు బ్రేకు అంత అవసరము. బ్రేకు చేయవలసిన పనులు రెండు: పట్టవలసినప్పుడు పట్టుట, విడువవలసినప్పుడు విడుచుట. మొదటి పనిని గూర్చి అందరును ఆలోచింతురు. రెండవ దానిని గూర్చి ఆలోచించువారు తక్కువ.

కారు తయారుచేసిన కంపెనీవి కాక, ఇతర కంపెనీల ప్యాడ్లు, కాలిపర్లు, హోస్ పైపులు అమర్చిన పిదప ముందు చక్రములు పట్టుకొనుట కలదు. అప్పుడు యజమాని క్రొత్త సరకును నిందించును. మెకానిక్ ఒకదాని తరువాత ఒకటిగా భాగములను మార్చుచు పోవును. డబ్బు ఖర్చగును గాని దోషము అట్లే యుండును. ఊహపై ఆధారపడక, పరీక్షచేత దోషస్థానమును కనుగొను పద్ధతిని వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

బ్రేకు పనిచేయు విధము

మూసియున్న ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించెను. మనము పెడల్ త్రొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి పైపుల ద్వారా కాలిపర్‌ను చేరి, పిస్టన్‌ను ముందుకు నెట్టును. ప్యాడ్లు రెండు వైపుల నుండి డిస్కును నొక్కును.

పాదము తీసినప్పుడు పిస్టన్‌ను వెనుకకు లాగునది ఏది? సాధారణముగా అచ్చట స్ప్రింగు ఉండదు. పిస్టన్ చుట్టునున్న రబ్బరు సీలు, పిస్టన్ ముందుకు పోవునప్పుడు కొద్దిగా వంగి, ఒత్తిడి తొలగగానే తన పూర్వరూపమును పొందుచు పిస్టన్‌ను వెనుకకు తెచ్చును. ఈ కదలిక మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే. ఇంత స్వల్పమైన బలముపై ఆధారపడిన ఏర్పాటు గనుకనే, కొంచెము తుప్పు గాని, కొంచెము నిలిచిపోయిన ఒత్తిడి గాని బ్రేకును విడువనీయదు.

ఉపేక్షించినచో కలుగు ప్రమాదము

ప్యాడు డిస్కును రాయుచునే యుండిన పెట్రోలు వృథా యగును, ప్యాడ్లు అరుగును, కారు ఒక ప్రక్కకు లాగును. ఇంతకంటె ఘోరమైనది వేడి. డాట్ 3 రకపు క్రొత్త బ్రేక్ ఆయిల్ కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగకుండవలెను. తేమ పీల్చిన పిదప ఈ పరిమితి 140 డిగ్రీలకు దిగును. ఆయిల్ మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి నొక్కుడు పడును గనుక పెడల్ నేలవరకు పోవును, బ్రేకు పట్టదు. విడువని బ్రేకే తుదకు పట్టని బ్రేకుగా మారును. ఘాట్ రోడ్డు దిగు కారులో ఇది ప్రాణాపాయము.

పరీక్షా క్రమము

చల్లని కారును వెనుక చక్రములకు అడ్డులు పెట్టి, ముందుభాగమును జాకీతో లేపి, స్టాండ్లపై నిలుపవలెను. కేవలము జాకీని నమ్మి పని చేయరాదు. గేరును న్యూట్రల్‌లో ఉంచి, పెడల్‌ను కొన్నిసార్లు త్రొక్కి విడిచి, చక్రములను చేతితో త్రిప్పవలెను. స్వల్పమైన రాపిడి సహజము. బలముతో గాని తిరగకున్నచో దోషమున్నట్లు.

ఒక చక్రమే పట్టుచున్నచో దోషము ఆ చక్రము వద్దనో, దాని హోస్ పైపులోనో ఉండును. రెండును పట్టుచున్నచో మాస్టర్ సిలిండర్‌ను, బూస్టర్‌ను ముందుగా అనుమానింపవలెను.

పిదప ముఖ్యమైన పరీక్ష. చక్రము పట్టుకొని యుండగా, కండ్లకు అద్దములు ధరించి, కాలిపర్‌పైనున్న బ్లీడర్ స్క్రూను కొంచెము వదులు చేయవలెను. ఆయిల్ చిమ్మి చక్రము విడుదలైనచో లోపల ఒత్తిడి నిలిచియున్నట్లు. విడుదల కాకున్నచో దోషము యాంత్రికము. ఈ ఒక్క పరీక్షతో సందేహము సగమునకు తగ్గును.

ఒత్తిడి నిలిచినచో

స్క్రూను బిగించి, పెడల్‌ను మరల త్రొక్కి విడిచి, ఇనుప పైపు హోస్ పైపుతో కలియు చోట వదులు చేయవలెను. అచ్చట వదులు చేసినను చక్రము విడువక, బ్లీడర్ వద్ద మాత్రమే విడిచినచో హోస్ పైపు లోపల మూసుకొనిపోయినది. పైకి బాగుగా కనిపించినను, లోపలి రబ్బరు ఉబ్బి ఆయిల్‌ను తిరిగి రానీయదు.

రెండు చక్రములును పట్టినచో మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్ నుండి కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి చూడవలెను. చక్రములు విడిచినచో పుష్‌రాడ్ పొడవు ఎక్కువై, ఆయిల్ తిరిగివచ్చు సన్నని రంధ్రమును మూయించుచున్నది. క్రొత్త బూస్టర్ గాని, సిలిండర్ గాని అమర్చినప్పుడు ఈ పొరపాటు జరుగవచ్చును.

దోషము యాంత్రికమైనచో

ఇచ్చటనే ఇతర కంపెనీల భాగములు పరీక్షకు నిలుచును. క్రొత్త ప్యాడు చెవులపై రంగు మందముగా నున్నను, బ్రాకెట్ క్లిప్పుల క్రింద పాత తుప్పు పేరుకొని యున్నను, ప్యాడు బిగుసుకొనును. ప్యాడు తన స్థానములో చేతితో జరుగవలెను. సుత్తితో కొట్టి దించవలసివచ్చినచో అది సరిగా కూర్చున్నట్లు కాదు. తుప్పును గీకి శుభ్రపరచిన పిమ్మటనే క్లిప్పులు పెట్టవలెను.

తరువాత కాలిపర్ జరుగు గైడ్ పిన్నులను చూడవలెను. కొన్ని కార్లలో పై పిన్ను, క్రింది పిన్ను ఒకే విధముగా ఉండవు, తారుమారైనచో బిగుసుకొనును. వీటికి బ్రేకుల కొరకు చేసిన గ్రీజునే వాడవలెను. సాధారణ గ్రీజు రబ్బరును ఉబ్బించును. పిన్నులు, ప్యాడ్లు సులభముగా కదలుచుండియు చక్రము పట్టినచో, పిస్టన్ తుప్పుపట్టెనో, సీలు చెడెనో చూడవలెను.

పైపుల కీళ్లు విప్పిన ప్రతిసారి క్రొత్త ఆయిల్ పోసి, గాలి పూర్తిగా తీసి, పెడల్ గట్టిగా నున్నదని నిర్ధారించుకొనిన పిమ్మటనే కారును రోడ్డెక్కింపవలెను.

ఉపసంహారము

ఇతర కంపెనీ సరకైనంత మాత్రమున అది చెడ్డదని గాని, కంపెనీ సరకైనంత మాత్రమున దోషరహితమని గాని తలపరాదు. క్రొత్తభాగమును అమర్చిన రోజుననే దోషము కనబడినను, కారణము ప్రక్కనున్న పాత తుప్పే కావచ్చును. సందేహమును సగము సగముగా తగ్గించుకొనుచు పోవుటయే శాస్త్రీయ పద్ధతి. విద్యార్థులు తరగతిలో నేర్చిన పాస్కల్ సూత్రమును వర్క్‌షాపులో ఒక చిన్న స్క్రూ వద్ద ప్రయోగించి చూచినచో, ఆ చదువు సార్థకమగును. కారులో ప్రయాణించువారి ప్రాణములును భద్రముగా నుండును.