జీపు జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రాచీన గ్రంథాలను, శిల్పాలను పరిశీలించే దృష్టితోనే యంత్రాలను కూడా పరిశీలించవచ్చునని తెలపడం, ఒక పాత వాహనంలో అసలు భాగమేదో, చేర్పు ఏదో గుర్తించే పద్ధతిని వివరించడం.

జీర్ణోద్ధరణము అనే మాట మన వాఙ్మయంలోను, శాసనాలలోను దేవాలయాలకు, చెరువులకు రూఢమైనది. శిథిలమైన దానిని తొలగించి క్రొత్తది కట్టడం జీర్ణోద్ధరణ కాదు. మిగిలిన దానిని గుర్తించి, దానికి తగిన దానిని మాత్రమే చేర్చడం జీర్ణోద్ధరణ. ఈ అర్థంలో చూస్తే, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో పెరటి చింతచెట్టు క్రిందనో, మూతపడిన రైసుమిల్లు వసారాలోనో తుప్పుపట్టి నిలిచిన పాత జీపుకు కూడా ఆ మాట చక్కగా అన్వయిస్తుంది.

జీపు పుట్టుక యుద్ధంలో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. విల్లీస్ బండికి ఎంబి అని, ఫోర్డ్ బండికి జిపిడబ్ల్యు అని పేర్లు. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయిన సైనిక వాహనాలు ఎన్నో వేలంపాటల ద్వారా జనుల చేతికి వచ్చాయి. 1945లో స్థాపితమై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడం ప్రారంభించింది. అనంతరకాలంలో ఇక్కడే తయారుచేసింది. సీతంపేట, సాలూరు, పార్వతీపురం ఏజెన్సీ దారులలో జీపు ఎక్కగలిగిన కొండను నాటి కార్లు ఎక్కలేకపోయేవి. అందువల్ల అధికారులకు, గుత్తేదారులకు, ఎన్నికల సిబ్బందికి అది తప్పనిసరి వాహనమైంది.

అయితే దీర్ఘకాలం పనిచేసిన బండిలో పుట్టినప్పటి భాగాలన్నీ నిలిచి ఉండవు. ఒకదాని బానెట్టు మరొకదానికి, ఇంకొకదాని మడ్‌గార్డులు వేరొకదానికి చేరుతాయి. తాళపత్ర ప్రతులలో లేఖకులు తమకు తోచిన పద్యాలను చేర్చినట్లే, మెకానిక్కులు తమకు దొరికిన రేకులను చేర్చారు. ఈ ప్రక్షిప్తాలను గుర్తించడమే ఉద్ధారకుని మొదటి పని. ముఖలింగ క్షేత్రంలోని ప్రాచీన శాసనాల లిపిని గిడుగు రామమూర్తి పంతులు స్వయంకృషితో చదవనేర్చారు. రేకుపై గల గీత, మడత, రంధ్రం కూడా అటువంటి లిపియే.

ఆ లిపిలో మొదటి అక్షరం ముఖభాగంలో కనిపిస్తుంది. యుద్ధకాలపు జీపు గ్రిల్లులో తొమ్మిది నిలువు సందులుంటాయి. చిన్న హెడ్‌లైట్లు గ్రిల్లుకు లోపలగా ఒదిగి ఉంటాయి. (మొట్టమొదటి ఎంబి బండ్లలో కొన్నింటికి మాత్రం ఇనుప పట్టీలను అతికిన గ్రిల్లు ఉండేది. అటువంటిది నేడు దొరకడం మిక్కిలి అరుదు.) యుద్ధానంతరం 1945 నుండి పౌరుల కోసం వచ్చిన సిజె-2ఎ మొదలైన నమూనాలకు ఏడు సందులే, లైట్లు పెద్దవై, ముందుకు పొడుచుకొని వస్తాయి. కనుక సందులను లెక్కించగలవాడు సగం మోసాన్ని తప్పించుకోగలడు. సగమే, ఎందుకంటే గ్రిల్లు బోల్టులతో మారిపోయే వస్తువు. ఏడు సందుల బండికి తొమ్మిది సందుల ముఖం తగిలించి, యుద్ధకాలపు బండి అని ఎక్కువ ధరకు అమ్మడం కష్టమైన పని కాదు.

అందువల్ల చూపు వెనుకకు మరలాలి. యుద్ధకాలపు జీపుకు వెనుక తలుపు లేదు. అక్కడ రేకు అఖండంగా ఉండి, అదనపు చక్రం దానికే బిగించబడి ఉంటుంది. సిజె-2ఎ నుండి వెనుక తలుపు వచ్చింది, అదనపు చక్రం ప్రక్కకు జరిగింది. పెట్రోలు పోసే మూతి యుద్ధకాలపు బండిలో డ్రైవరు సీటు క్రింద ఉండగా, తరువాతి వాటిలో బయటి రేకుకు వచ్చింది. ముందు అద్దం మరొక సాక్షి: ఎంబిలోను, సిజె-2ఎలోను అది రెండు పలకలు, 1949 నాటి సిజె-3ఎ నుండి ఒకే పలక.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది మాత్రం వీటిలో ఏదీ కాదు. జనవ్యవహారంలో ‘హై బానెట్టు’ అని పిలువబడే సిజె-3బి నమూనా అది. అమెరికాలో 1953లో వచ్చిన ఈ నమూనాలో ఇంజను ఎత్తు పెరిగింది; లోనికి గాలిని, పెట్రోలును పంపే వాల్వులను పైభాగానికి మార్చడమే అందుకు కారణం. ఆ ఇంజనును ఇముడ్చుకోవడానికి బానెట్టును, గ్రిల్లును ఎత్తు చేశారు. అందుచేతనే తొలి జీపుల ‘లో బానెట్టు’ దీనికి కుదరదు. బలవంతంగా కుదిర్చితే ఇంజను రేకుకు తగులుతుంది. ఇంజనుకు, డ్రైవరుకు మధ్య నిలిచే అడ్డురేకు ఎత్తు కూడా మారింది కనుక, ముందు అద్దం చట్రాన్ని సైతం నమూనాను బట్టియే ఎంచుకోవాలి. ఇరుసుల మధ్య దూరం ఈ అన్నింటికీ 80 అంగుళాలే కావడం వల్ల అన్నీ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. తరువాతి కాలపు ఎంఎం 540 బండికి ఆ దూరం 91 అంగుళాలు. దాని ప్రక్క రేకులు పాతవాటికి పనికిరావు.

చాసిస్ అబద్ధమాడదని పాత మెకానిక్కుల నమ్మిక. ముందు బంపరు వెనుక, రేడియేటరు క్రింద ఉండే అడ్డకమ్మి ఎంబిలో గొట్టం వలె గుండ్రంగా ఉంటుంది. ఫోర్డ్ బండిలో తలక్రిందులైన పల్లెం వలె చదరంగా ఉంటుంది. ఫోర్డ్ తన బోల్టులపై సైతం ‘ఎఫ్’ అనే అక్షరాన్ని ముద్రించింది. పెయింటు గీకినప్పుడు అటువంటి ఒక్క అక్షరం బయటపడితే కలిగే ఆనందం, శాసనంలో రాజు పేరు దొరికిన పరిశోధకుని ఆనందానికి తక్కువేమీ కాదు.

గుర్తింపు ముగిసిన పిమ్మట ఎంపిక. సముద్రతీరానికి సమీపంగా, భావనపాడు, కళింగపట్నం, బారువ వంటి చోట్ల నిలిచిన బండ్లను ఉప్పుగాలి లోపలి నుండి తినివేస్తుంది. యుద్ధకాలపు జీపు నేలరేకు క్రింద ఉన్న పట్టీలలో కర్రముక్కలు అమర్చేవారు. అవి తేమను పీల్చుకొని చుట్టూ ఉన్న ఇనుమును కుళ్ళజేస్తాయి. పైకి నిగనిగలాడే నేల, కాలు పెట్టగానే కూలవచ్చు. పుట్టీ పూసి రంగు వేసిన రేకును కంటితో నమ్మరాదు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని దానిపై నడిపితే, రేకు ఉన్నచోట గట్టిగా అంటుకొని, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది.

తుప్పు ఎంత ఉన్నదో తేలిన తరువాత, పాత రేకులోని మంచి భాగాన్ని నిలిపి చెడినంత మేరకే కోసి అతకడమా, పూర్తి బాడీని క్రొత్తగా కొనడమా అన్నది ప్రశ్న. పంజాబు సరిహద్దులోని మండీ డబ్వాలీలో క్రొత్త జీపు బాడీలు తయారవుతాయి. ఫిలిప్పీన్స్‌లో తయారైనవి ప్రపంచమంతటా అమ్ముడవుతాయి. అవి చౌక, త్వరితం. అయినా అతుకు పనియే మేలు. లారీలకు ప్రసిద్ధి పొందిన సాలూరు పట్టణంలో బాడీ కట్టే పనివారికి కొదవ లేదు. రేకు సంఖ్య చెప్పేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి: గేజి సంఖ్య పెరిగిన కొలదీ రేకు పలుచనవుతుంది, 18 గేజి రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. వెల్డింగుకు ముందే అన్ని భాగాలను బోల్టులతో వదులుగా బిగించి, మూలనుండి మూలకు రెండు కర్ణాలనూ కొలవాలి. అవి సమానం కానిచో బానెట్టు ఎన్నటికీ సరిగా మూసుకోదు.

అతుకు పనిని మేలనడానికి చట్టసంబంధమైన కారణం కూడా ఉన్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం పురాతన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమాలను ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటి, చాసిస్‌లోను, బాడీలోను, ఇంజనులోను గణనీయమైన మార్పు జరగకుండా అసలు రూపంలో నిలిచిన వాహనాలకే ఆ గుర్తింపు. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. నంబరులో ‘విఎ’ అనే అక్షరాలుంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్య వినియోగానికి ఆ బండి రోడ్డెక్కరాదు. తాతగారి కాలపు జీపుకు మోజుపడి క్రొత్త బాడీ తగిలించిన కుటుంబం, ఉన్న ధనమంతా వెచ్చించిన తరువాత ఈ గుర్తింపునకు అనర్హమయ్యే ప్రమాదం ఉన్నది. కోసి పారవేసిన పాత రేకు తుక్కు దుకాణంలో కరిగిపోయాక దానిని ఎవరూ తిరిగి తేలేరు. అందుకే వివేకవంతులైన పనివారు తొలగించిన ప్రతి ముక్కకూ తీగతో చీటీ కట్టి, పని పూర్తయి బండి కదిలే వరకు దాచి ఉంచుతారు.

అభ్యాసం
1. లో బానెట్టు, హై బానెట్టు జీపుల మధ్య భేదానికి కారణమేమి?
2. గ్రిల్లును మాత్రమే చూసి జీపు కాలాన్ని నిర్ణయించరాదనడంలో ఔచిత్యాన్ని వివరించండి.
3. ‘ప్రక్షిప్తం’, ‘జీర్ణోద్ధరణ’ అనే పదాలు ఈ పాఠంలో ఏ అర్థంలో ప్రయుక్తమయ్యాయి?
4. మీ ఊరిలోని ఒక పాత వస్తువును పరిశీలించి, దానిలో అసలు భాగాలను, చేర్పులను గుర్తించి ఒక పుటకు మించకుండా వ్రాయండి.