క్వారీ నడుస్తుండగానే నేల బాగుచేత

రాజధాని అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన ఉద్దండరాయునిపాలెం తుళ్లూరు మండలంలోనిదే. అదే మండలంలోని అనంతవరం కొండ రాయికి, గ్రావెల్‌కు పేరు. ఇలాంటి చోట భూ పునరుద్ధరణ ప్రణాళిక ఎప్పుడు మొదలవ్వాలి? పరీక్షలో ‘తవ్వకం ముగిశాక’ అని రాస్తే మార్కు పోయినట్టే. తొలి పార పడకముందే.

ముందు పైమట్టి సంగతి. దాన్ని విడిగా తీసి, తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, గడ్డి పెంచాలి. ఏళ్ల తరబడి పెద్ద గుట్టగా వదిలేస్తే లోపల గాలాడక సూక్ష్మజీవులు చస్తాయి. ఆ మట్టి పరిచినా మొక్క పట్టదు. ఇక్కడి నల్లరేగడితో మరో చిక్కు: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఏటవాలుపై పోస్తే గట్టి వానకు జారుతుంది. అందుకే అంచులను మెట్లుగా చెక్కి, చుట్టూ కాలువ తీసి, వాననీటిని మడ్డి తేరే గుంటకు మళ్లించాలి. కళ్లాల్లో ఆరబోసిన మిరపపై దుమ్ము పడకుండా చెట్ల వరుస మొదటి ఏడాదే నాటడం మేలు. తవ్వడం పూర్తయిన భాగాన్ని సరిచేస్తూ పక్క భాగంలో పని సాగించడమే దశలవారీ మూసివేత.

ఇక చట్టం. రాయి, గ్రావెల్ చిన్నతరహా ఖనిజాలు. 1957 గనుల చట్టం 15వ సెక్షన్ ప్రకారం వీటికి నిబంధనలు చేసేది రాష్ట్రమే. మన రాష్ట్ర నిబంధనలు 1966 నాటివి. 5 హెక్టార్లలోపు లీజులకూ పర్యావరణ అనుమతి కావాలని దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2012 ఫిబ్రవరి 27న. తవ్వేసిన నేలపై మళ్లీ గడ్డి పెంచాలన్న షరతు లీజుల్లో పెట్టమని అదే కోర్టు మరో కేసులో చెప్పింది 2020 జనవరి 8న. ఈ రెండింటినీ తారుమారు చేయకండి.