మాట పుట్టిన చోటే రికార్డు చేద్దాం

2024 అక్టోబరులో మర్లవాయి గుస్సాడి గురువు, పద్మశ్రీ కనకరాజు గారు కన్నుమూశారు. ఆయన నేర్పిన ఆట శిష్యుల దగ్గర ఉంది. కానీ ఆదిలాబాద్ గూడేల్లో గోండి, కొలామి కథలు చెప్పే పెద్దోళ్ల మాట సంగతేంది? మా రూమ్మేట్‌ది ఉట్నూరు దిక్కు. వాళ్ల తాత కథ మొదలుపెడితే రాత్రి అయిపోతది. కరీంనగర్ హాస్టల్ నుంచి వారం వారం పోలేం కదా! అందుకే వీడియో కాల్ చేసి, ఆ కాల్‌ని రికార్డు చేసే వెబ్ యాప్ కడుతున్నాం. అందులో నేర్చుకున్నవి మీకోసం.

కాల్ కలపడానికి బ్రౌజర్‌లోనే వెబ్‌ఆర్‌టీసీ ఉంది. మన సర్వర్ రెండు ఫోన్లకూ పరిచయం చేస్తే చాలు, తర్వాత అవే నేరుగా మాట్లాడుకుంటాయి. మొబైల్ నెట్‌వర్క్‌లో నేరుగా కలవకపోతే నడుమ టర్న్ సర్వర్ కావాలి. సైటు హెచ్‌టీటీపీఎస్‌లో లేకుంటే కెమెరా, మైకు అసలు తెరుచుకోవు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రికార్డు ఎక్కడ చెయ్యాలి? మన ల్యాప్‌టాప్‌లో చేయడం తేలికే. కానీ వీడియో కాల్‌కి ఆలస్యం కాకపోవడమే ముఖ్యం. సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారుతుంది, దారిలో పోయిన శబ్దాన్ని అంచనాతో పూడుస్తుంది. ముచ్చటకి అది సరిపోతుంది. భాషను దాచడానికి సరిపోదు. అందుకే మీడియారికార్డర్‌ని తాత ఫోన్‌లోనే నడపాలి. అక్కడ మైకు నుంచి వచ్చిన మాట నెట్ ఎక్కకముందే ఫైలవుతుంది.

రికార్డర్‌ని 5000 మిల్లీసెకన్లతో మొదలుపెడితే 5 సెకన్లకో ముక్క ఇస్తుంది. దాన్ని వెంటనే ఇండెక్స్‌డ్‌డీబీలో దాచి, సిగ్నల్ దొరికినప్పుడు పంపాలి. ముక్కలకు వరుస నంబరు తప్పనిసరి. ఫైలు వివరాలు మొదటి ముక్కలోనే ఉంటాయి, నడిమి ముక్క ఒక్కటే ప్లే కాదు.

లెక్క కూడా చూడండి. సెకనుకు 64 కిలోబిట్ల ఆడియో అంటే గంటకు సుమారు 29 ఎంబీ. 500 కిలోబిట్ల వీడియో అయితే గంటకు 225 ఎంబీ. నెట్ బాగా లేని చోట ముందు ఆడియో పంపడమే మేలు.

ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ పాడితే నాయిస్ సప్రెషన్ ఆపేయండి. అది వాద్యాన్ని కూడా రొద అనుకుని తగ్గించేయొచ్చు. రెండు వైపులా రికార్డు చేస్తే మొదట్లో తాతను ఒక చప్పట కొట్టమనండి. రెండు ఫైళ్లనూ ఆ చప్పుడు దగ్గర కలపొచ్చు.

చివరిది, కోడ్ కంటే ముందుది: అనుమతి. ఎందుకు రికార్డు చేస్తున్నామో, ఎవరు వింటారో ఆయన భాషలోనే చెప్పి, ఒప్పుకుంటేనే బటన్ నొక్కాలి. కొన్ని కథలు బయటివాళ్లకు చెప్పేవి కాకపోవచ్చు. అందుకే తర్వాతైనా వద్దంటే తుడిచేసే వీలు ఆయన ఫోన్‌లోనే ఉండాలి.

కోడ్ క్లబ్ మీటింగ్‌లో చూపిస్తాను. మీ ఇంట్లో ఎవరి మాట ముందు దాచాలో జర ఆలోచించుకుని రండి.