టూ స్ట్రోక్ స్ప్రేయరు సంరక్షణము

కర్నూలు, కడప ప్రాంతములలో ప్రత్తి చేలకును చీనీ తోటలకును మందు కొట్టుటకు వీపున తగిలించుకొను పెట్రోలు స్ప్రేయర్లు వాడుకలో నున్నవి. ఆదోని వైపు ఒక గ్రామములో రైతులు కలిసి కొన్న అట్టి యంత్రమొకటి, చేనికి పురుగు పట్టిన వారముననే బిగుసుకొనిపోగా మేము చూచితిమి. తొందరలో ఒక కుఱ్ఱవాడు నూనె కలుపక వట్టి పెట్రోలు పోసినాడు. పిస్టనుకు గీతలు పడినవి. బాగుచేయించు లోపల అదను తప్పినది.

టూ స్ట్రోక్ ఇంజనుకు వేఱుగా నూనె గది లేదు. పెట్రోలులో కలిసిన నూనెయే లోపలి భాగములను అరుగకుండ కాపాడును. కంపెనీ పుస్తకములో 25కు 1 అని యున్నచో లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె కలుపవలెను. కంటికొలత పనికిరాదు. ఉమ్మడి యంత్రమునకు ఒకరిని బాధ్యునిగా నుంచి, కొలగిన్నెను యంత్రమునకే కట్టించుట పంచాయతీ సభ్యులు చేయగల పని. ఫోర్ స్ట్రోక్ స్ప్రేయర్లును వచ్చుచున్నవి. వానికి నూనె వేఱుగా పోయుదురు. మీ ఊరిలోనిది ఎట్టిదో ముందు తెలిసికొనుడు.

మన మెట్టసీమలో రెండవ శత్రువు దుమ్ము. గాలి వడపోత స్పాంజిని సబ్బునీట కడిగి, పూర్తిగా ఆరిన పిమ్మట తొడుగవలెను. అది మూసికొనిపోయినచో పొగ హెచ్చి బలము తగ్గును; చినిగినచో దుమ్ము సిలిండరును అరగదీయును. ప్లగ్గు మొన గోధుమరంగున నున్న మంచిది. నల్లగా తడిసియున్నచో నూనెయో పెట్రోలో ఎక్కువైనదని గ్రహింపవలెను.

పనికాలము ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది అయిపోవు వఱకు ఇంజనును మెల్లగా నడపి ఉంచుడు. నేటి పెట్రోలులోని ఎథనాలు తేమను పీల్చును.